అన్నం పోయే కడుపు, బిడ్డ ఉండే సంచి

ట్రాన్స్‌ఫర్ అయి ఇంటికి వెళ్ళిన ఆడమనిషి మా సెంటర్‌కు ఫోన్ చేసిందంటే, మొదటి మాట దాదాపు ఎప్పుడూ ఒకటే. "సిస్టరమ్మా, కడుపులో తిప్పుతాండాది. ఇది మంచికా, చెడ్డకా?"

నేను మదనపల్లెలో, పిల్లలు లేనివాళ్ళకు వైద్యం చేసే ఒక సెంటర్‌లో రిటైరయ్యేదాకా నర్సుగా పనిచేశాను. అంతకు ముందు చాలా ఏళ్ళు మిషన్ ఆసుపత్రిలో కాన్పుల వార్డు చూశాను. అక్కడ బిడ్డలు మనల్ని అడక్కుండానే వచ్చేసేవాళ్ళు. ఇక్కడ ఎంత బతిమాలినా ఒక పట్టాన వచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు నర్సింగ్ ముగించి ఇలాంటి సెంటర్లలో చేరే అమ్మాయిలు చర్చి దగ్గర కనబడి, "మేడమ్, ఆడ పని ఎట్లుంటాది?" అని అడుగుతుంటారు. సూది ఎలా వెయ్యాలో, ఏ మందు ఫ్రిజ్‌లో పెట్టాలో వాళ్ళకు కాలేజీలో నేర్పే ఉంటారు. ఆ ఫోన్‌కు ఏం జవాబు చెప్పాలో మాత్రం ఎవరూ నేర్పరు. నాకు నేర్పింది శాంతిపురం పిల్ల ఒకతె. ఆమె సంగతి చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను, కానీ ముందు కొంత చెప్పాలి.

ట్రాన్స్‌ఫర్ యాడికి?

తెలియనివాళ్ళ కోసం. భార్య అండాన్నీ భర్త వీర్యకణాన్నీ ల్యాబ్‌లో కలుపుతారు. పిండం తయారయ్యాక సన్నటి గొట్టంతో దాన్ని తల్లి గర్భసంచిలో వదులుతారు. దీన్నే మేము ట్రాన్స్‌ఫర్ అంటాం. ఊళ్ళల్లో ఈ మాటతో వచ్చే తిప్పలు ఇన్నీ అన్నీ కావు. పెద్దపంజాణి నుంచి వచ్చిన ఒక అత్తగారు పొరపాటున పక్కింటామెతో "మా కోడలికి ట్రాన్స్‌ఫర్ అయింది" అని నోరు జారిందట. "అట్లనా, యాడికి?" అని ఆమె అడిగిందట. "ఏం సెప్పాలో తెలీక చిత్తూరికి అని సెప్పేసినానమ్మా" అని మా ముందు చెప్పి, తనే పడీపడీ నవ్వింది.

ట్రాన్స్‌ఫర్ అయ్యాక పిండం నిలిచిందో లేదో తెలియాలంటే రక్తపరీక్ష దాకా ఆగాలి. ఆ రోజులు గడవడం ఎంత కష్టమో పడినవాళ్ళకే తెలుసు. చెయ్యడానికి పనేమీ ఉండదు, ఒళ్ళు మాత్రం రోజుకొక కబురు చెబుతుంటుంది. అప్పుడే వికారం మొదలవుతుంది. కడుపుబ్బరం, పులితేన్పులు, విరేచనం సరిగా కాకపోవడం, కొందరికి వాంతులు. చాలావరకు అది మేమిచ్చే మందుల వల్లే. పిండం నిలవడానికి ఇచ్చే హార్మోను పేగుల్ని మందగించేస్తుంది. కడుపు పండినా పండకపోయినా ఆ మందు తన పని తాను చేస్తుంది. దానికి తోడు భయం. భయానికి కూడా కడుపులో తిప్పుతుంది, మీ పదో తరగతి పరీక్షలు గుర్తు చేసుకోండి.

పుంగనూరులో ఒక లెక్కల టీచరు ఉండేది. ట్రాన్స్‌ఫర్ తర్వాత పొద్దున్నే వాంతులు మొదలయ్యాయి. ఆడబిడ్డ గాజులు, మిఠాయి పట్టుకుని వచ్చేసింది. మా నర్సు ఒకతె ఫోన్‌లోనే కంగ్రాచులేషన్స్ చెప్పింది. రక్తపరీక్షలో ఏమీ లేదని తేలింది. మందులు ఆపగానే వాంతులూ ఆగిపోయాయి. "నా ఒళ్ళే నాకు అబద్ధం సెప్పింది సిస్టర్" అని ఆమె అన్న తీరు నాకు ఇప్పటికీ బాధే. ఆమె కొంతకాలం ఆగి మళ్ళీ వచ్చింది. రెండోసారి వికారమన్నదే లేదు. ఇడ్లీలు, చట్నీ హాయిగా తినేది, "ఏమీ కావడం లేదే" అని ఏడ్చేది. ఆసారి నిలిచింది. ఇప్పుడు ఆ బిడ్డ ఆమె బళ్ళోనే చదువుకుంటోంది.

కాబట్టి అమ్మాయిలూ, ఆ ఫోన్ వస్తే కంగ్రాచులేషన్స్ అనొద్దు, అయ్యో అనీ అనొద్దు. వికారం మంచికీ కాదు, చెడ్డకీ కాదు. పరీక్ష రోజున తెలుస్తుంది, అంతే.

నాడా యాడ కడతాండావు?

మా పెద్ద డాక్టరమ్మ మదనపల్లె మనిషే. ఆమె కోపం సంగతి బజారు చివర టీకొట్టు దాకా తెలుసు. నర్సుల మీద వరండాలో అందరి ముందు అరిచేది, అది తప్పు, ఆమె ఇది చదివినా నేను అదే మాటంటాను. ఓదార్పు మాట ఆమె నోట రాగా నేను ఎక్కువసార్లు వినలేదు. కానీ కేసును చూడడంలో ఆమెకు బద్ధకం లేదు. వారానికోసారి పుంగనూరు, కుప్పం రోగుల కోసం మేమిద్దరం కారులో బయలుదేరేవాళ్ళం. పుంగనూరులో ఒక గంట, తర్వాత పలమనేరులో దోసెలు, ఆ తర్వాత ఆమె కిటికీకి తల ఆనించి నిద్ర, కుప్పంలో దిగగానే మళ్ళీ అరుపులు.

వాంతి అని ఎవరు ఫోన్ చేసినా మూడు ప్రశ్నలు అడగమని ఆమె మాకు నేర్పింది. నీళ్ళు తాగితే నిలుస్తున్నాయా? ఒంటికి పోవడం తగ్గిందా? లంగా నాడా ఎక్కడ కడుతున్నావు, నిన్నటి చోటే కడుతున్నావా, ముడి అందడం లేదా? మూడోది విని కొత్త నర్సులు నవ్వేవాళ్ళు. నవ్వే ప్రశ్న కాదది. మేమిచ్చే సూదులకు అండాలు ఎక్కువగా తయారైన ఆడవాళ్ళకు కొన్నిసార్లు అండాశయాలు వాచి పొత్తికడుపులో నీరు చేరుతుంది. అప్పుడు కూడా వాంతులే మొదలు. తర్వాత కడుపు బిగుస్తుంది, మూత్రం తగ్గుతుంది, పడుకుంటే ఆయాసం వస్తుంది. దాన్ని ఇంట్లో పెట్టుకుని కూర్చోకూడదు. కడుపు ఉబ్బిందా అంటే ప్రతి ఒక్కరూ ఉబ్బిందనే అంటారు. నాడా సంగతి అడిగితే నిజం తెలుస్తుంది.

గౌరి

గౌరిది శాంతిపురం. డిగ్రీ చదివి ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేది. ఆమె మామగారి కాలంలో ఆ ఇంట్లో అందరూ రాళ్ళు కొట్టే పనికి పోయినవాళ్ళే. భర్త మంజునాథ్‌కు బెంగళూరు కంపెనీలో ఉద్యోగం. పొద్దున్నే కుప్పంలో రైలెక్కి, చీకటి పడ్డాక ఇల్లు చేరేవాడు. ఇంట్లో ఉండేది గౌరి, ఆమె అత్త మునెమ్మ. మునెమ్మను చూస్తే నాకు ముచ్చటేసేది. కోడలికి సూది వేసే ప్రతిసారీ తన మొహం తిప్పేసుకునేది, చేతిని మాత్రం వదిలేది కాదు.

గౌరికి ట్రాన్స్‌ఫర్ చేసిన రోజు నేను లోపలే ఉన్నాను. మా ట్రాన్స్‌ఫర్ గదిలో గోడకు టీవీ ఉంటుంది. మైక్రోస్కోపు కింద ఉన్న పిండాన్ని అందులో తల్లికి చూపిస్తాం. తెర మీద అది వక్కంత గుండ్రంగా, తెల్లగా కనబడుతుంది. డాక్టరమ్మ ఎప్పటిలాగే చెప్పింది.

"చూడు గౌరీ, ఇదే నీ పిండం. కడుపులో పెట్టేస్తాండాము. ఇంక నీ కడుపును నువ్వే జాగ్రత్తగా చూసుకోవాల."

ఎన్నేళ్ళుగానో అందరికీ మేము చెబుతున్న మాట అదే. గౌరి కళ్ళనిండా నీళ్ళతో తల ఊపింది. ఆమెను, మునెమ్మను కారెక్కించి పంపించాం.

కొన్నాళ్ళకు ఎలా ఉందో కనుక్కుందామని నేనే ఫోన్ చేశాను. మునెమ్మ ఎత్తింది. గొంతు నిండా సంబరం.

"వేవిళ్ళు మొదులైనాయి సిస్టరమ్మా. ఏమీ ఇమడడం లేదు నా కోడలికి. ఈ పొద్దు పాయసం సేసినా."

"వేవిళ్ళకు ఇంకా టైముండాది మునెమ్మా. అది మందులకు. ఆ పిల్లకు ఫోనియ్యి."

గౌరి వచ్చింది. నీళ్ళు తాగుతున్నావా అంటే తాగుతున్నానంది. ఒంటికి సరిగ్గా పోతున్నావా అంటే ఊఁ అంది. నాడా సంగతి అడిగాను. "బాగుండాను సిస్టరమ్మా, మీరు వేరేవాళ్ళకు ఫోన్ సేసుకోండి" అంది. అలా చెప్పే పిల్ల కాదు గౌరి. గంటసేపు మాట్లాడించే పిల్ల. మరుసటి రోజు మేము కుప్పం వెళ్ళాలి. పొద్దున్నే అక్కడికి వచ్చెయ్యమని గట్టిగా చెప్పి పెట్టేశాను.

కుప్పంలో

గౌరి వచ్చింది, మొహం పీక్కుపోయి ఉంది. పెదాలు ఎండిపోయాయి. మునెమ్మను బయట కూర్చోబెట్టి తలుపు వేశాను. డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, "మాత్రలు ఎట్ల ఏసుకుంటాండావు?" అని అడిగింది. గౌరి నేల చూపులు చూసింది.

"నిలిపేసినాను మేడమ్."

డాక్టరమ్మ అరుస్తుందని నేను కళ్ళు మూసుకున్నాను. పిండం నిలవడానికిచ్చిన ఆ మాత్రలు మధ్యలో ఆపితే ఏమవుతుందో మాకిద్దరికీ తెలుసు. ఆమె అరవలేదు.

"యాల?"

"అదే పోయినాక మాత్రలు యాలకు మేడమ్. నేనే కక్కేసినాను."

మాకు అర్థం కాలేదు. ఏం కక్కావమ్మా అని అడిగాను. గౌరికి అప్పుడు ఏడుపు తన్నుకొచ్చింది. ముందురోజు పొద్దున స్నానాలగదిలో పెద్ద వాంతి అయిందట. అందులో వక్కంత తెల్లటి ముద్ద ఒకటి కనబడిందట. టీవీలో చూసినట్లే గుండ్రంగా ఉందట. కడుపులో పెట్టినది వాంతిలో బయటికి వచ్చేసిందనుకుంది. అత్త చూడకుండా దాన్ని ఆకులో చుట్టి, పెరట్లో కనకాంబరాల మొక్కల పక్కన గుంత తీసి పూడ్చి పెట్టింది. అంతకు ముందు నుంచే కక్కు వస్తే ఎక్కడ జారిపోతుందోనని తిండి, నీళ్ళు తగ్గించేసింది. వాంతి వస్తే పళ్ళు బిగించి మింగేసేదట. వంటింట్లో మునెమ్మ పాయసం గిన్నె దించుతుంటే ఈ సంగతి చెప్పడానికి నోరు రాలేదట.

డాక్టరమ్మ స్టూలు లాక్కుని గౌరి ఎదురుగా కూర్చుంది. రోగి ముందు ఆమె కూర్చోగా నేను చూసింది అదే మొదలు.

"గౌరీ, మేము పిండాన్ని యాడ పెట్టినామో చెయ్యి పెట్టి సూపించు."

గౌరి చెయ్యి రొమ్ముల కింద, అన్నం తింటే బరువనిపించే చోట ఆగింది.

నేను, డాక్టరమ్మ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మన నోట్లో అన్నీ కడుపులే కదా. కడుపునిండా తిను అంటాం, కడుపుతో ఉంది అంటాం, కడుపు నొప్పి అంటాం, కడుపు పోయింది అంటాం. అన్నం పోయేదీ అదే మాట, బిడ్డ ఉండేదీ అదే మాట. ఆ గదిలో అన్నేళ్ళుగా కడుపులో పెట్టేస్తున్నామని చెబుతూ వచ్చాం, విన్నవాళ్ళు ఏ కడుపు అనుకున్నారో ఒక్కసారి కూడా అడగలేదు.

డాక్టరమ్మ గౌరి చేతిని పట్టుకుని, బొడ్డు దాటి చాలా కిందికి తెచ్చి పెట్టింది.

"ఈడ ఉండాది గర్భసంచి. అన్నం పొయ్యే దానికీ దీనికీ దోవ లేదు. నువ్వు పేగులు బయటికొచ్చేట్టు కక్కినా అది రాదు. టీవీలో అంత పెద్దగా కనబడేది మైక్రోస్కోపు వల్ల. ఉత్త కంటికి అది కనబడేదే కాదు. నువ్వు పూడ్చింది పెరుగు ముద్దో, ఇడ్లీ ముక్కో."

గౌరి సిగ్గుపడుతూ అంది, "నేను బయాలజీ సదివినా మేడమ్. బొమ్మ గూడా ఏసినా. ఆ పొద్దు బచ్చలింట్లో ఆ బొమ్మ గుర్తుకు రాలా."

నాకు నవ్వు రాలేదు. అది చదువు లేక చేసిన పొరపాటు కాదు. భయపడిన మనిషికి చదివింది ఎదురుగా వచ్చి నిలబడదు. చిన్నప్పటి నుంచి విన్న మాటే నిలబడుతుంది.

మళ్ళీ మదనపల్లెకు

స్కాన్‌లో అండాశయాలు రెండూ వాచి ఉన్నాయి, కొంచెం నీరు చేరింది. మందుల వికారంతో మొదలైన వాంతులు ఎప్పుడో దారి మార్చుకున్నాయి. దానికి తోడు నీళ్ళు మానేసింది. ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే ప్రమాదంలో పడేది. డాక్టరమ్మ అక్కడే మందులు మళ్ళీ మొదలుపెట్టించి, సెలైన్ కోసం గౌరిని మా కారులోనే మదనపల్లెకు తీసుకువెళ్దామంది.

మునెమ్మకు సంగతి కారులో చెప్పాం. నేను ముందు సీట్లో ఉన్నాను. వెనక ఏమంటుందోనని చెవులు అక్కడే పెట్టి కూర్చున్నాను. వి.కోట దాటాక మునెమ్మ నోరు తెరిచింది.

"నేను ఇంట్లో పాయసం సేస్తాంటే నువ్వు పెరట్లో గుంత తవ్వుతాంటివా" అంది.

"నీ సంతోషం సెడగొట్టేదానికి మనసు రాలేదత్తా."

"నాకు సెప్పుంటే నేనూ ఏడుస్తాంటి గదా. ఒక్కదానివే ఏడ్సేది యాల."

గౌరి తల మునెమ్మ భుజం మీద పడింది. పలమనేరు దాకా ఇద్దరూ ఏడుస్తూనే ఉన్నారు. డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి నిద్ర నటించింది. తిరిగొచ్చేటప్పుడు కూడా దోసెలకు ఆగే మనిషి, ఆరోజు కారు ఆపించలేదు.

వార్డులో గౌరికి సెలైన్ పెట్టాం. కొంచెం కొంచెంగా మజ్జిగ, రాగి అంబలి, కొబ్బరినీళ్ళు ఇచ్చాం. ఒక్కసారిగా కడుపునిండా పెట్టకూడదు, గుక్క గుక్కగా ఇవ్వాలి. నాడా ముడి మెల్లగా పాత చోటికి వచ్చింది. రైలు దిగి నేరుగా బస్సులో వచ్చిన మంజునాథ్, భార్య కాళ్ళ దగ్గర కూర్చుని అడిగింది ఒక్కటే. "మందులు నిలిపింది కదా సిస్టరమ్మా, ఇంక అది ఉండదా?"

ఉంటుందని చెప్పాలనిపించింది. ఈ పనిలో అలా చెప్పకూడదు. "తెలీదు నాయనా. పరీక్ష దాకా ఆగాల" అన్నాను. నాకూ ఆ రోజుల్లో సరిగ్గా నిద్ర పట్టలేదు. మందులు మానేసినందువల్ల పోతే, గౌరి దాన్ని తన తప్పుగానే జీవితమంతా మోస్తుంది. తప్పు మేము వాడిన మాటదని ఎవరు చెప్పినా ఆమెకు ఎక్కదు.

ఆ వారమే డాక్టరమ్మ మా అందరినీ పిలిచి, ట్రాన్స్‌ఫర్ గదిలో కడుపు అన్న మాట వాడకూడదని చెప్పేసింది. గర్భసంచి అనాలి. అదీ తల్లి చేతిని పట్టుకుని ఆ చోట పెట్టి చెప్పాలి. టీవీలో చూపించినప్పుడు, కంటికి కనబడనంత చిన్నదని కూడా చెప్పాలి. మరుసటి రోజే ఆమె గదిలో "కడుపులో" అని మొదలుపెట్టి, నా మొహం చూసి నాలుక కరుచుకుంది. మాకు ఆ అలవాటు తప్పడానికి చాలాకాలం పట్టింది. తర్వాత నేను అలా చెయ్యి పెట్టించి చెప్పినప్పుడల్లా, చౌడేపల్లె నుంచో, పుంగనూరు నుంచో వచ్చిన ఆడవాళ్ళు, ఉద్యోగాలు చేసేవాళ్ళు కూడా, "ఇంత కిందనా?" అనేవాళ్ళు. గౌరిలాగా అనుకున్నవాళ్ళు అంతకు ముందు ఎందరున్నారో, ఎవరికీ చెప్పకుండా ఎందరు ఏడ్చారో నాకు తెలియదు. ఆ ఆలోచన వస్తే ఇప్పటికీ దిగులేస్తుంది.

పరీక్ష

రక్తపరీక్ష ఫలితం వచ్చింది. నిలిచింది.

మందులు లేని ఆ ఒక్క రోజూ ఎలా నిలిచిందని డాక్టరమ్మను అడిగాను. అండాలు తీశాక వాచిన ఆ అండాశయాలే తమంతట తాము, మేము మందుగా ఇచ్చే హార్మోనునే కొంత తయారు చేస్తాయట. "ఆమెను కక్కించినవే బిడ్డను కాసినాయి" అంది. అందరికీ అలా జరగదు. మందులు ఆపినా ఫరవాలేదని దీన్నిబట్టి ఎవరూ అనుకోవద్దు. గౌరికి జరిగింది, అంతే.

గుండె కొట్టుకోవడం చూసే స్కాన్ కోసం వాళ్ళు ముగ్గురూ మదనపల్లెకు వచ్చారు. ఆరోజు మంజునాథ్ సెలవు పెట్టాడు. ఇప్పుడు గౌరికి అసలైన వేవిళ్ళు. దారి పొడుగునా కవర్లు పట్టుకుని వచ్చిందట. గది చీకటి చేసి డాక్టరమ్మ స్కాన్ మొదలుపెట్టింది. తెర మీద చిన్న మెరుపులాంటిది టకటకా కదులుతోంది. స్పీకర్ పెట్టగానే ఆ చప్పుడు గదంతా నిండింది. మునెమ్మ చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

గౌరి తెర వైపు చూస్తూ పడుకుంది. అడక్కుండానే చెయ్యి బొడ్డు కిందికి పోయి, డాక్టరమ్మ ఆరోజు పెట్టిన చోట ఆగింది. తర్వాత నా వైపు తిరిగింది.

"సిస్టరమ్మా, నేను పెరట్లో ఏడుస్తాంటే, అప్పుడు ఇది ఈడనే ఉండిందా?"

"ఈడనే ఉండిందమ్మా" అన్నాను.